దూరాన ఉన్న గురువు

హిందీ బోధించే తెలుగు ఉపాధ్యాయునికి ‘నే’ అనే ప్రత్యయమంత చిక్కు మరొకటి లేదు. ‘రాముడు రొట్టె తిన్నాడు’ అన్నప్పుడు తెలుగులో క్రియ రాముణ్ణి అనుసరిస్తుంది. హిందీలో ‘రామ్ నే రోటీ ఖాయీ’ అనవలె; క్రియ రాముణ్ణి విడిచి స్త్రీలింగమైన రొట్టెను పట్టుకొంటుంది. రొట్టె స్త్రీ ఎందుకైనదని పిల్లవాడు అడిగితే, వానికి తృప్తి కలిగే సమాధానం ఏ వ్యాకరణంలోనూ దొరకదు. ఇరవై యేండ్లు పాఠం చెప్పినవాడు సైతం తొందరలో మాట్లాడేటప్పుడు ఇక్కడ జారడం కద్దు. జారుతున్నానని అతనికి తెలుసును. ఆ సంగతి ఎవరితో చెప్పుకోవలె?

1918లో మద్రాసులో గాంధీజీ ప్రేరణతో హిందీ ప్రచారం ఆరంభమైన నాడు తొలి ప్రచారకుడుగా వచ్చినవాడు ఆయన కుమారుడు దేవదాసు. అప్పటి ప్రచారకులకు గురువు ఎదుటనే ఉండేవాడు. మోటూరి సత్యనారాయణగారి కృషివల్ల 1960 ప్రాంతంలో ఆగ్రాలో కేంద్రీయ హిందీ సంస్థ వెలసిన తరువాత, దక్షిణాది ఉపాధ్యాయులు అక్కడికి పోయి శిక్షణ పొందడానికి వీలు కలిగింది. అయితే ఊరికి తిరిగివచ్చిన మరునాటినుంచి ఎవరి పాట్లు వారివి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికై వెచ్చించవలెనన్నది. అనుభవజ్ఞులు మార్గదర్శకులుగా నిలవడానికి ఒక జాతీయ కార్యక్రమాన్ని కూడా సూచించింది. 2017లో వచ్చిన దీక్షా వేదిక ద్వారా పాఠాలు పల్లెలకు సైతం చేరాయి. బడి మొత్తానికి తానొక్కడే హిందీ పంతులైనవానికి, సాటివాడు లేని లోటు తీర్చే ఈ ఏర్పాటు చిన్న మేలు కాదు.

కాని దూరానున్న గురువు చూసేదేమిటి? పది నిమిషాల వీడియో. ఏ తరగతిని పంపవలెనో నిర్ణయించేవాడు ఉపాధ్యాయుడే. చెడిపోయిన పాఠాన్ని ఎవడు పంపుతాడు? తెరమీద ఉచ్చారణ దోషం ఇట్టే దొరుకుతుంది. వెనుక బల్లమీద కూర్చొని అర్థంకాక తల వంచుకొన్న పిల్ల దొరకదు. అందువల్ల కనబడిన దోషాన్నే దిద్దడం మార్గదర్శకునికి అలవాటవుతుంది.

అంతకన్న లోతైన చిక్కు మరొకటి ఉన్నది. నేర్చుకోవడమంటే ముందుగా తెలియదని ఒప్పుకోవడం. చెట్టు క్రింద చెవిలో చెప్పిన మాట గాలిలో కలిసిపోయేది. తెరమీద చెప్పిన మాట భద్రపడి ఉంటుంది. రేపు అది పై అధికారి బల్లమీదికి రావచ్చును. వెనుకటి రోజుల్లో ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారంటే, బాగా చదివే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. మార్గదర్శకుడే నివేదిక వ్రాసేవాడైతే ఉపాధ్యాయుడు అతని ఎదుట చేసేదీ ఆ పనే. దిద్దే చేతికి మార్కులు వేసే పని కూడా అప్పగించడం తగదు.

అట్లని మౌనం అన్నివేళలా ధర్మమవుతుందా? నలభైమంది పిల్లలు తప్పు నేర్చుకొంటూ ఉంటే, ఆ రహస్యాన్ని కాపాడడం ఎవరిపట్ల న్యాయం? ఇక్కడ రెండింటిని వేరుచేయవలసి ఉన్నది. తన లోపం చెప్పుకొన్నవాడు అప్పటికే పిల్లల పక్షాన ఒక అడుగు వేసినవాడు. వానిని పట్టియిస్తే రెండవ అడుగు పడదు, చూసిన పదిమందీ నోరు మూసుకొంటారు. పిల్లవాణ్ణి కొడుతున్నానని చెప్పేవాని సంగతి వేరు. అది వృత్తిలోని లోపం కాదు, పిల్లవానిపట్ల నేరం. దానిని దాచే హక్కు ఏ గురువుకూ లేదు. కనుక తాను దేనిని దాచునో, దేనిని దాచడో మొదటినాడే చెప్పడం మార్గదర్శకుని విధి. చెప్పకుండా విని, ఆపైన నివేదించేవాడు ద్రోణునికన్న ఎక్కువే అడిగినట్లు. ద్రోణుడైనా దక్షిణ ఏమిటో ఏకలవ్యుని ముఖంమీదనే చెప్పాడు.

ఒప్పుకోలు ఒకవైపునుంచే రావాలనుకోవడమూ పొరపాటే. హిందీ మాతృభాషగా కలవాడు ‘నే’ను ఏనాడూ నేర్చుకోలేదు, అది అతని నోట పుట్టింది. లానా, బోల్నా, భూల్నా వంటి క్రియలకు కర్మ ఉన్నా ‘నే’ రాదు. ఎందుకని అడిగితే అతడు, ‘మేము అట్లాగే అంటాము’ అంటాడు. తెలుగు ఉపాధ్యాయుడు ఆ జాబితాను కంఠస్థం చేసినవాడు. తన పిల్లలు ఏ మాట దగ్గర ఆగిపోతారో ఎరిగినవాడు. దూరాన ఉన్న గురువు ఆ జాబితాను అతనివద్దనే అడిగి వ్రాసుకోవలసి వస్తుంది.