ఆ యోడయే యీ యోడయా?

సంగారెడ్డి ప్రాంతమునకు సముద్రము లేదు. మంజీరాజలములే యిచ్చటి జలసంపద. అయినను కొండాపురపు మట్టిదిబ్బలయందు 1940 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల నాణెములతోబాటు రోమకచక్రవర్తియగు ఆగస్టసుని బంగారునాణెము లభించుటను దలచినచో, ఓడలు మోసితెచ్చిన ధనము ఈ మెట్టనేలల నడుమకు సైతము నడచివచ్చెననియు, శాతవాహనవంశమువాడగు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల యోడను తన నాణెములపై ముద్రింపించుట యకారణము కాదనియు దెలియును. కావున ఓడను గూర్చి యీ నేలనుండి ప్రశ్నించుట యనుచితము కాదు. అవయవములన్నియు క్రమక్రమముగా మార్చబడిన యోడ, మొదటి యోడయే యగునా?

ప్రాచీన యవనులు థీసియసు నౌకను పురస్కరించుకొని దీనినే యడిగిరని ప్లూటార్కు వ్రాసియుంచెను. వారిది స్మృతిచిహ్నముగా నిలుపుకొన్న యోడ. నేను తలచుచున్నది సరకు మోయు ఇనుపయోడను. 1941లో రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేయగా, 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను జలప్రవేశము చేయించిన విశాఖపట్టణపు నౌకాకర్మాగారమువంటి చోట్ల ఈ ప్రశ్న ప్రతిదినమును చేతులమీద నడచుచుండును. సామాన్యముగా అయిదేండ్లలో రెండుమాఱులు సరకుల యోడ అడుగుభాగము పరీక్షింపబడవలెను. నడుమ 36 నెలలు మించరాదు. అందులకై యజమాని పక్షమున సూపరింటెండెంటు కొన్ని నెలల ముందే పనులపట్టీ వ్రాసి, రేకులను, వాల్వులను, రంగులను సమకూర్చుకొని, డాకు దొరకు దినములకును ఓడకు సరకు లేని దినములకును పొత్తు కుదిర్చి ముహూర్తము నిర్ణయించును. ఓడ డ్రై డాకు చొచ్చిన పిమ్మట ద్వారము మూసి నీరు తోడివేయగా, పటము ననుసరించి ముందే పేర్చిన దిమ్మలపై దాని వెన్నెముక నిలుచును. అప్పుడు, నీటియడుగున నెవ్వరి కంటను బడక యుండినదంతయు బయల్పడును: అంటుకొన్న గుల్లలు, నాచు, పలుచబడిన రేకు, ఇనుమునకు బదులుగా తాము క్షయించుటకే యతికింపబడి సగము కరగిన జింకు ముద్దలు. గీకి, కడిగి, రేకుల మందము కొలిచి, పనికిరానివానిని కోసి క్రొత్తవి వెల్డింగుచేసి, సముద్రపు వాల్వులు విప్పి బాగుచేసి, రంగులు పూసి తిరిగి నీటికి విడుతురు. ఎంత యాలోచించి పట్టీ వ్రాసినను, విప్పిచూచిన పిదప క్రొత్తపని బయటపడక మానదు. బాయిలరును చల్లార్చి షట్‌డౌను పనులు చేయు మా ప్రాంతపు పటాన్‌చెరు కర్మాగారముల కార్మికులకు ఈ సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు.

అవయవము మాఱినచో పూర్వావయవి నశించి నూతనావయవి యుదయించునని నైయాయికు లందురు. యవనరాజగు మిలిందునితో వాదించిన నాగసేనభిక్షువు రథమనునది భాగములకు మనము పెట్టుకొన్న పేరే యనెను. ఈ రెండును బుద్ధికి దిట్టముగనే తోచును. కాని నిన్నటి యోడకును నేటి యోడకును సంబంధము లేనిచో, నిన్నటి లోపమును నేడు సరిదిద్దవలసిన వాడెవడు? ఆగమములు ఇంతకంటె దగ్గఱకు వచ్చినవని నా విశ్వాసము. జీర్ణోద్ధరణకాలమున దేవతాశక్తిని కలశమందు ఆవాహనచేసి, బాలాలయమను తాత్కాలికాలయమున నిలిపి, నిత్యపూజకు లోపము రానీయక ప్రధానాలయమును బాగుచేయుట విధి. యాదగిరిగుట్టయందు 2016 మొదలు 2022 వఱకు భక్తులు బాలాలయమందే దర్శనము చేసికొనిరి. గోపురములును మంటపములును క్రొత్తవైనను, క్షేత్రము మాఱెనని వారు తలపరైరి, ఏలయన సేవ యొక్కదినమైనను తెగలేదు.

నౌకాశాసనము సైతము ఈ మార్గముననే నడచినది. 1987లో నేర్పడి 1996 నుండి తప్పనిసరియైన, అంతర్జాతీయ సముద్రయాన సంస్థవారి (ఐఎంఓ) సంఖ్య, పేరు మాఱినను, జెండా మాఱినను, యజమాని మాఱినను ఓడను విడువదు. వేఱొక యోడకు ఈయబడదు. అయినను సంఖ్యకంటె నన్నెక్కువగ నాలోచింపజేసినది దిమ్మల సంగతి. ఓడ వానిపై నిలిచియున్నంతకాలము, దిమ్మ తాకిన తావులకు రంగు వేయ వీలుపడదు. అందుచే ఈ మాఱు దిమ్మ లెచ్చట నుండెనో వ్రాసియుంచి, మఱుసటి మాఱు వానిని జరిపి పేర్చి, విడిచిన తావులను పూర్తిచేయుదురు. నేటి పనివాడు తాను చేయలేనిదానిని, తానెఱుగని రేపటి పనివాని పేర ఋణముగా వ్రాసిపోవుచున్నాడు. మనుష్యుడు ఋణములతోనే జన్మించునని చెప్పిన మన పూర్వుల మాట నాకిచ్చట ప్రత్యక్షమైనది. ఋణము తనదని యొప్పుకొనువా డున్నంతవఱకు ఆ యోడ ఆ యోడయే. ఆ వ్రాత పోయినచో, సంఖ్య యుండవచ్చును, రేకులును పాతవే కావచ్చును. డాకున నిలిచిన సూపరింటెండెంటు మాత్రము, ఎచ్చట రంగు పడలేదో చెప్పువారు లేక, అడుగంతయు మొదటినుండి వెదకుకొనవలసియుండును.