దూరపు రాజు పన్ను, దగ్గరివాని వడ్డీ

ధ్యాన వాక్యభాగము: నెహెమ్యా 5:1-13



నెహెమ్యా గ్రంథమనగానే మనకు గోడ జ్ఞాపకమునకు వచ్చును. ఒక చేత పనియు, ఒక చేత ఆయుధమును పట్టి యెరూషలేము గోడ కట్టిన సంగతి సండే స్కూలు పిల్లలు సహితము చెప్పగలరు. అయితే అయిదవ అధ్యాయములో ఆ గోడ పని మధ్యనే ఒక గొప్ప మొర వినబడుచున్నది. అది శత్రువులమీద పెట్టిన మొర కాదు. జనులును వారి భార్యలును తమ సొంత సహోదరులమీదనే మొరపెట్టిరి. ఇక్కడ భార్యల మాట ప్రత్యేకముగా వ్రాయబడుట గమనించుడి. ఇంట గింజలు అయిపోయినవని ముందుగా తెలియునది వారికే గదా! కొందరు కరవులో ధాన్యము కొరకు పొలములను, ఇండ్లను కుదువబెట్టిరి. కొందరు రాజుగారి పన్ను కట్టుటకై అప్పు చేసిరి. ఆ రాజు పారసీకపు రాజు, దూరమున షూషను కోటలో నుండువాడు. వీరి ద్రాక్షతోట ఎట్లుండునో అతడు చూచినవాడు కాడు, చూడబోవువాడును కాడు.

మన గోదావరి డెల్టాలో ఈ భాగమును చదువువారికి 2025వ సంవత్సరము ఆగస్టు నెల జ్ఞాపకము రాక మానదు. ఆ నెల 7వ తేదీ నుండి అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులమీద నూటికి 25 చొప్పున సుంకము వేసెను. 27వ తేదీ నుండి మరియొక 25 దానికి చేర్చెను. ఈ రెండవదానికి వారు చెప్పిన కారణము, మన దేశము రష్యా యొద్ద చమురు కొనుచున్నదనియే. భీమవరము ప్రక్క చెరువులో పెరుగు రొయ్యకును రష్యా చమురుకును ఏమి సంబంధము? ఈ ప్రశ్న అడిగిన రైతునకు సమాధానము చెప్పగలవాడు ఊరిలో ఎవడును లేడు. అంతకుముందే 2005 నుండి మన రొయ్యమీద ఆ దేశములో వేరొక ప్రత్యేక సుంకము ఉండనే ఉన్నది. ఈ అంకెలు ఒక సంతకముతో వచ్చునవి, మరియొక సంతకముతో మారునవి. అయినను ఆ నెలలో చెరువు గట్టున నిలిచినవానికి అవి అంకెలుగా కనబడలేదు.

మన బ్రతుకు ఆ దూరదేశముతో ఇంతగా ఎట్లు ముడిపడినదో కొంచెము చూతము. 1990 తరువాత మన ప్రాంతమున వరిచేలు చెరువులగుట మొదలైనది. అప్పటిది టైగరు రొయ్య. కొద్ది సంవత్సరములలోనే తెల్లమచ్చ తెగులు వచ్చి అనేకులను ముంచినది. 2009లో వనామీ రొయ్యను పెంచుటకు ప్రభుత్వము అనుమతి నిచ్చినది. అది పసిఫిక్ సముద్రపు ఆవలి తీరపు జీవి, మెక్సికో మొదలు పెరూ వరకు గల తీరము దాని పుట్టిల్లు. అక్కడి జీవిని ఇక్కడ పెంచి, మరల ఆ వైపునకే పంపుచున్నాము! 2024-25లో మన దేశము నుండి ఎగుమతియైన చేపలు, రొయ్యలు మొదలైన సముద్రపు సరకుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో పెద్ద పాలు గడ్డకట్టించిన రొయ్యదే. దానిని కొనువారిలో మొదటిది అమెరికా, పండించువారిలో మొదటిది మన ఆంధ్ర రాష్ట్రము.

(రెక్కలును పొలుసులును లేనివాటిని తినరాదని లేవీయకాండము పదకొండవ అధ్యాయములో ఉన్నది గనుక నెహెమ్యా రొయ్యను ముట్టియుండడు. మన పెద్దలలో కొందరు ఈ మాట పట్టుకొని వాదించుట విన్నాము. అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయములో పేతురు చూచిన దర్శనమును చదువుకొన్నవారికి ఆ వాదముతో పనిలేదు.)

ఇప్పుడు సుంకము నడచు దారిని చూడుడి. రేవులో దానిని కట్టువాడు అమెరికా వర్తకుడు. అతడు ఆ భారమును తనయొద్ద ఉంచుకొనడు. కొంత అక్కడ తినువారిమీద వేయును, మిగిలినది ఇక్కడి ఎగుమతిదారునిమీదికి నెట్టును. ఎగుమతిదారుడు ఏజెంటునకు ధర తగ్గించి చెప్పును. ఏజెంటు చెరువు గట్టునకు వచ్చి, ఇవాళ ముప్పది కౌంటు ధర ఇంతేనని చెప్పి మోటారు సైకిలు ఎక్కి పోవును. కిలోకు ముప్పది తూగు పెద్ద రొయ్యకు అమెరికాయే ముఖ్యమైన గిరాకీ గనుక దెబ్బ ముందుగా దానికే తగిలినది. నూరు కౌంటు చిన్న రొయ్యకు వేరే దేశములలో కొంత గిరాకీ ఉండును.

వరి రైతు ధర లేనప్పుడు ధాన్యమును గాదెలో పోసి కొన్నాళ్లు ఆగగలడు. రొయ్య రైతునకు ఆ వీలు లేదు. రొయ్య ప్రతిదినము మేత అడుగును. రాత్రియెల్ల ఏరేటర్లు తిరగవలెను, కరెంటు బిల్లు రావలెను. ఒక్కరోజు ఆలస్యమైన తెగులు వచ్చునేమోనని భయము. ధర పడునని విన్నవారందరు ఒక్కసారిగా పట్టుబడి చేయుదురు. అందరును పట్టుటచేతనే ధర ఇంకను పడును. మేత ధర మాత్రము తగ్గదు, కౌలు తగ్గదు, వడ్డీ అసలే తగ్గదు.

ఇది మనకు క్రొత్త కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత ఈ డెల్టా తన తిండికి మించి పండించుట నేర్చుకొన్నది. మించినది బజారుకు పోవలెను, బజారుకు పోయినది బజారు చెప్పినట్లు వినవలెను. 1929 తరువాత లోకమంతట వ్యాపారము కూలినప్పుడు వడ్ల ధర ఘోరముగా పడిపోయి, అప్పులు మాత్రము పూర్వపు అంకెలలోనే నిలిచెను. చివరకు 1938లో మద్రాసు ప్రభుత్వము రైతుల ఋణభారము తగ్గించుటకు చట్టము చేయవలసి వచ్చినది. ధర పడుటకంటె, పడిన ధరలో పాత అప్పు తీర్చుటయే మన తాతలను ఎక్కువగా కూల్చినది.

ఇక నెహెమ్యా ఏమి చేసెనో చూతము. ఈ సుంకము ఒక దేశముమీద దేవుని తీర్పనియు, అంత్యదినముల సూచన యనియు ప్రసంగించినవారు ఉన్నారు. నెహెమ్యా ఆ దారిన పోలేదు. మొదట అతనికి మిక్కిలి కోపము వచ్చెను. తరువాత తనలో తాను ఆలోచించుకొనెను. ఈ రెండింటి నడుమ అతడు నోరు తెరవలేదు, ఇది మనము నేర్చుకొనదగినది. ఆ తరువాత ప్రధానులను, అధికారులను నిలదీసి, సమాజమును కూర్చెను. రాజుగారి పన్నును రద్దుచేయుట అతని చేతిలో లేదు, ఆ ప్రయత్నమే చేయలేదు. పన్ను కట్టుటకై అప్పిచ్చి, పొలము పట్టుకొని కూర్చున్న సహోదరుని వైపు తిరిగెను. తానును, తన సహోదరులును, తన పనివారును సొమ్మును ధాన్యమును అప్పిచ్చియున్నామని అందరియెదుట ఒప్పుకొని, ఈ వడ్డీని మానివేయుదము రండనెను. పొలములు, తోటలు, ఇండ్లు ఆ దినముననే తిరిగి ఇయ్యుడనెను. సొమ్ములోను, ధాన్యములోను, ద్రాక్షారసములోను, నూనెలోను తీసికొనుచున్న నూరవ భాగమును సహితము విడిచిపెట్టుడనెను.

ఆ నూరవ భాగమనగా నెలకు నూటికి ఒకటియని అనేకులు వివరించిరి. మన ఊరి లెక్కలో అది రూపాయి వడ్డీ. నెహెమ్యాకు కోపము తెప్పించినది రూపాయి వడ్డీ! మన యొద్ద రెండు రూపాయలు ధర్మవడ్డీగా చెలామణి యగుచున్నది, అవసరమును బట్టి మూడును అడుగుదురు. లక్ష రూపాయలకు రెండు రూపాయల చొప్పున సంవత్సరమునకు 24,000. కౌలుకు చెరువు చేయువానికి భూమిమీద పట్టా లేదు గనుక బ్యాంకు తలుపు అతనికి సులభముగా తెరువబడదు. మేత దుకాణములో అరువు, ఆ పైన తెలిసినవారి యొద్ద ప్రోనోటు. ఆ తెలిసినవారు కొన్నిచోట్ల అదే గుడిలో, అదే వరుసలో కూర్చుండువారు. ప్రభువు బల్లయొద్ద ఇద్దరును ఒకే రొట్టె తీసికొనుచున్నారు.

రైతు తన భారమును ఎవరిమీద దించుచున్నాడు? ఇదియు అడుగవలసిన ప్రశ్నయే. చెరువు కాపలావాని జీతము వచ్చే పంటకని వాయిదా పడును. తెల్లవారకముందే ఆటోలలో బయలుదేరి, మంచు నీటిలో చేతులు తిమ్మిరెక్కునట్లు రొయ్యల తలలు తీయు స్త్రీలకు పని దినములు తగ్గిపోవును. వారిలో మన సంఘపు స్త్రీలు ఎందరో ఉన్నారు. వరిచేలు ఉన్నప్పుడు నాట్లకు, కోతలకు వెళ్లినవారే వీరు. చేలు చెరువులైన తరువాత షెడ్డు తప్ప వేరు దారి లేకపోయినది. షూషనులో పన్ను వేసిన రాజు పేరు కూడ వీరికి తెలియదు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములో, బిగపట్టిన కూలి తానే మొరపెట్టుచున్నదని అపొస్తలుడు వ్రాసెను. కూలివాడు మొరపెట్టుట భయముచేత మానవచ్చును, కూలి మానదట.

అయ్యా, నాకును కష్టమే గదా, నేనెక్కడ తెచ్చి ఇచ్చెదనని రైతు అనవచ్చును. నిజమే. నష్టపోయినవానిని ఇంకను పిండుమని నేను చెప్పను. అయితే నష్టము వచ్చిన సంవత్సరమున దానిని ఎవరు ఎంత మోయవలెనో కూర్చుండి మాటలాడుకొనుట ఒకటి, బలహీనుడు మాటలాడలేడు గనుక మొత్తము అతనిమీద వేయుట మరియొకటి. లాభము వచ్చిన సంవత్సరమున కూలి ఎంత పెంచితిమో కూడ ఆ లెక్కలోనికి తేవలెను.

నెహెమ్యా మాటకు ప్రధానులు జవాబు చెప్పలేక ఊరకుండిరి. తరువాత, తిరిగి ఇచ్చెదమనిరి. అతడు ఆ మాటతో తృప్తిపడక యాజకులను పిలిపించి వారిచేత ప్రమాణము చేయించెను. తన ఒడి దులిపి చూపెను. సమాజమంతయు ఆమేన్ అనెను.

కోతపండుగ వచ్చుచున్నది. వరి పనలు, కొబ్బరికాయలు, కోళ్లు తెచ్చి గుడిలో పెట్టి వేలము పాడుదుము. ఈసారి ఆ పండుగకు ముందు ఒక సాయంకాలము ప్రతి సంఘములోను పెద్దలు, అప్పిచ్చినవారు, అప్పు తీసికొన్నవారు, చెరువు చేయువారు, షెడ్డులకు పోవు స్త్రీలు ఒకచోట కూర్చుండవలెనని మనవి. స్త్రీలను వెనుక కూర్చుండబెట్టవద్దు, మొదట వారినే మాటలాడనియ్యుడి. ప్రోనోట్లు గలవారు వాటిని వెంట తెచ్చుకొనవలెను.