నిలువ నీడ

“దేహము మట్టి, ఆత్మయే నిత్యము, దేహభద్రతను గూర్చి చింతించుట విశ్వాసికి తగదు” అని కొందరు సహోదరులు చెప్పుచుందురు. వినుటకు బాగుగనే యున్నది. అయితే ఈ మాట చెప్పువారు తరచుగా డాబా ఇండ్లవారే!

1977 నవంబరు 19వ తేది, శనివారము. కృష్ణానది పాయల నడుమనున్న దివిసీమ మీదికి తుఫానుతో కూడ సముద్రము లేచి వచ్చెను. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన సొర్లగొంది మొదలైన ఊళ్లను ముంచి, పొలముల మీదుగా మైళ్లకొలది లోపలికి పోయెను. దాదాపు 10,000 మంది చనిపోయిరి. గాలి అందరికి ఒక్కటే, నీరు అందరికి ఒక్కటే; కాని మట్టిగోడల తాటాకు పాకలు మొదట పోయినవి.

ప్రియ చదువరులారా, చావు ఒక్కటే కాదు, బ్రతికియున్నవారి సంగతియు ఆలోచించుడి. ఏ రాత్రి ఇల్లు పోవునో తెలియనివాడు కొబ్బరిమొక్క నాటునా? అది కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. గాలివాన వచ్చిన ప్రతిసారి అప్పుచేసి పాక వేయువాడు ఆ అప్పు తీర్చుటకు కుమార్తెను బడి మాన్పించి కూలికి పంపును. వానికి ముందుచూపు లేదని మనము నిందింతుము. ముందుకు చూచుటకైనను కాలు నిలుచు చోటు కావలెను గదా!

ఆ విపత్తు తరువాత తీరము వెంబడి తుఫాను షెల్టర్లు కట్టిరి. 1990 మే నెలలో దానికి తీసిపోని తుఫాను అదే కోస్తాను కొట్టినప్పుడు, లక్షలకొలది జనులను ముందుగానే సురక్షిత స్థలములకు చేర్చిరి. మృతులు 1,000 మందికి లోపే. అదియు చిన్న లెక్క కాదు. షెల్టర్లే కాదు, వేళకు అందిన హెచ్చరికయు ప్రాణములు కాపాడెను. తుఫాను లేని దినములలో అనేక షెల్టర్లలో బడి నడిచినది. ప్రాణము నిలిపిన కప్పు క్రిందనే పిల్లలు అక్షరములు దిద్దిరి.

కొట్లు విప్పి గొప్పవి కట్టించదలచిన ధనవంతుని ఉపమానము చూపి కొందరు వాదింతురు. అతడు కట్టదలచినది తన ధాన్యమునకు. ఇది ఊరందరి ప్రాణమునకు.

తుఫాను ఏటేట రాదు గనుక షెల్టరును మరచిపోవుట సులభము. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టును, కప్పు పెచ్చులూడును. మీ ఊరిలో అట్టిది యున్నయెడల, ముసలివారు దాని మెట్లెక్కగలరా, తాళపుచెవి ఎవరి యొద్ద నున్నది, అర్ధరాత్రి ఎవరు తీయుదురు అను సంగతి అక్టోబరు రాకముందే సంఘపెద్దలును పంచాయతీవారును కలిసి విచారించుట మంచిది.