గుప్తదానం సర్కారుకు చెల్లుతుందా?

గుడిలో హుండీ ముందు నిలబడి, మడిచిన నోటును ఎవరి కంటా పడకుండా లోపలికి జారవిడిచే భక్తుణ్ణి ఎవరూ లెక్క అడగరు. పేరు చెప్పకుండా ఇచ్చిన దానానికి పుణ్యం ఎక్కువని మనవాళ్ల నమ్మకం. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలు చెబుతూనే ఉంటారు. అయితే పాత గుళ్లలో ప్రాకారం మీద కనిపించే దాన శాసనం తీరు వేరు. ఏ రాజు ఏలుబడిలో, ఏ అధికారి, ఏ ఊరి పొలాన్ని, ఏ సేవ కోసం రాసిచ్చాడో, ఆ పొలానికి నాలుగు దిక్కులా ఎల్లలేమిటో అందులో చెక్కి ఉంటుంది. చివర శాపనార్థాలు కూడా ఉంటాయి. ఈ దానాన్ని హరించినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని.

ఒకే ధర్మం భక్తుణ్ణి దాచమంది, రాజును చాటమంది. ఎందుకు?

అనంతపురం సీమలో ఈ ప్రశ్నకు లేపాక్షి కంటే మంచి చోటు లేదు. 16వ శతాబ్దంలో, విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న కాలంలో, పెనుకొండ ప్రాంతపు అధికారి విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ వీరభద్రాలయాన్ని కట్టించారు. రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న నింద విరూపణ్ణ మీద పడిందనీ, కళ్లు పీకించమని రాజాజ్ఞ అయ్యేసరికి అతనే తన కళ్లు పెరుక్కుని గోడకు విసిరాడనీ స్థలపురాణం. అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపం దగ్గర గోడ మీది ఎర్రటి మరకలను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కథ ఎంతవరకు నిజమన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. గమనించాల్సింది ఒకటుంది. కట్టింది అద్భుతమైన గుడి, చేసింది దైవకార్యం, సొంతానికి వాడుకున్నాడని కథ ఎక్కడా అనదు. అయినా లెక్క అడిగారు. గుడి బాగానే ఉంది కదా, ఇక లెక్కెందుకులే అని ఎవరూ సరిపెట్టుకోలేదు.

దీని వెనక ఉన్న తర్కాన్ని వేదవాక్యాల అర్థాన్ని చర్చించే మీమాంసకులు ఎప్పుడో విప్పి చెప్పారు. విశ్వజిత్ అనే యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చేయాలి. మరి యజమాని రాజైతే రాజ్యంలోని భూమినంతా ఇచ్చేయవచ్చా? జైమిని మీమాంసా సూత్రాలు ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న వేసుకుని, కూడదని తేల్చాయి. భూమి అందరికీ సమానం, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. రాజుకున్నది కాపాడే బాధ్యత, అందుకు ప్రతిఫలంగా పంటలో వాటా మాత్రమేనని శబరస్వామి భాష్యం. మరి రాజులు అగ్రహారాలు ఇచ్చారు కదా అంటే, అక్కడ ఇచ్చింది నేల మీద యాజమాన్యం కాదనీ, బతుకుతెరువనీ 17వ శతాబ్దపు ధర్మశాస్త్రకారుడు నీలకంఠుడు సర్దిచెప్పాడు.

ఇక్కడే చిక్కు విడిపోతుంది. భక్తుడు ఇచ్చింది అతని కష్టార్జితం, దాచుకునే హక్కు అతనిది. పాలకుడు ఇచ్చేది పదిమంది సొమ్ము, కాబట్టి దాచే హక్కు అతనికి లేదు.

గుప్తదానానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. పుచ్చుకునేవాడు నలుగురిలో చిన్నబోకుండా అది కాపాడుతుంది. అంటే ఆ గోప్యత బలహీనుడి కోసం. మన ప్రభుత్వాల నడత చూస్తే అది తలకిందులైనట్టు కనిపిస్తుంది.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. అదే ఏడాది అనంతపురం జిల్లా పల్లెల్లో సామాజిక తనిఖీ పాదయాత్రలు జరిగాయి. అప్పటి నుంచి కరువు పనికి పోయే కూలీ పేరు, జాబ్ కార్డు నంబరు, చేసిన రోజులు, చేతికొచ్చిన డబ్బు అన్నీ బహిరంగమే. మస్టర్ రోల్‌ను గ్రామసభలో పైకి చదువుతారు. తన పేరు చెవిన పడగానే ఎవరో ఒకరు లేచి, “ఆ వారమంతా నేను బెంగళూరులో ఉంటిని గదా సార్, నా పేరు మీద కూలి ఎవరు ఎత్తినారు?” అంటారు. ఫీల్డ్ అసిస్టెంట్ మొహం చూడాలి అప్పుడు. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక, విచారణ, రికవరీ. రోజు కూలికి ఇంత గట్టి లెక్క ఉంది, ఉండాలి కూడా.

అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, లేపాక్షి పేరుతో ఇంకో కథ నడిచింది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలను రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) ద్వారా లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు ప్రభుత్వం కట్టబెట్టింది. ఇందూ గ్రూపు ఆధ్వర్యంలో విజ్ఞాన, సాంకేతిక పరిశ్రమలు వస్తాయని, పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయని 2008 నుంచి చెప్పుకుంటూ వచ్చారు. హబ్ రాలేదు. భూమిలో కొంత బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లింది. సీబీఐ కేసు పెట్టి అభియోగపత్రం వేసింది, కంపెనీ వ్యవహారం దివాలా ప్రక్రియ దాకా పోయింది. తప్పెవరిదో కోర్టులు చెప్పాలి. అయితే వాగ్దానం ఏమిటి, గడువు ఎప్పటికి, నెరవేరకపోతే భూమి ఎవరికి తిరిగి వస్తుంది అన్న షరతులను ఆ ఊళ్ల రచ్చబండల మీద మస్టర్ రోల్ లాగా ఏటేటా చదివి ఉంటే, విషయం సీబీఐ దాకా పోకముందే ఎవరో ఒకరు లేచి అడిగేవారు.

చట్టం లేక కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ రాయితీ పథకాల లబ్ధిదారులను, కేటాయించిన మొత్తాలను, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపులు, అనుమతులు పొందినవారిని ఎవరూ అడగకముందే ప్రకటించమంటోంది. రాష్ట్రంలో ఆచరణ మాత్రం ప్రభుత్వాన్ని బట్టి మారింది. 2008 నుంచి వెబ్‌సైట్‌లో పెడుతూ వచ్చిన జీవోలను 2021 ఆగస్టులో ఆపేశారు. 2024 ఆగస్టులో మళ్లీ పెట్టాలని నిర్ణయించారు. పెట్టినవీ చాలావరకు ఇంగ్లిషులోనే. ఆరో శతాబ్దంలోనే సీమ ప్రాంతపు రేనాటి చోళులు సంస్కృతం వదిలి తెలుగులో శాసనాలు వేయించారు. అయినా గోరంట్ల రైతుకు జీవో చదివి చెప్పడానికి నేడు ఇంకో మనిషి కావాలి.

పరిశ్రమలవాళ్లకు ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కొత్త పరిశోధనకు అందిన సర్కారు సాయం వివరాలన్నీ బయటపెడితే ఆ ఆలోచన పోటీదారు చేతికి పోతుందని. అందుకే అదే చట్టం ఎనిమిదో సెక్షన్ వ్యాపార రహస్యాలకు రక్షణ ఇచ్చింది, విశాల ప్రజాప్రయోజనం ఉంటే తప్ప. నిజానికి ఎవరూ ఫార్ములా అడగడం లేదు. ఎవరికి ఇచ్చారు, ఎంత, దేనికి, ఏమైంది అనే అడుగుతున్నారు. ఐరోపా సమాఖ్య దేశాలు కంపెనీలకు ఇచ్చే పెద్ద సహాయాలను 2016 నుంచి పేర్లతో సహా ప్రకటిస్తున్నాయి. అమెరికా 2006లో చట్టం చేసి, ఫెడరల్ గ్రాంట్లను వెతుక్కునేలా ఒక వెబ్‌సైట్ తెచ్చింది. అక్కడ పరిశోధనేమీ ఆగిపోలేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. పరిశోధన అన్నాక పది ప్రయత్నాల్లో చాలావరకు ఫలించవు. ప్రతి వైఫల్యాన్నీ చాటితే శాస్త్రవేత్త భయపడి, గెలుస్తానని ముందే తెలిసిన పనులే ఎత్తుకుంటాడు. దీనికి జవాబు కూడా ఈ కరువు నేల మీదే దొరుకుతుంది. 2003 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం ఇక్కడ మేఘమథనం చేయించింది. విమానాలు తిరిగాయి, మబ్బుల్లో రసాయనం చల్లాయి, కొన్ని చోట్ల వాన పడింది. ఆ వాన విమానం వల్ల పడిందా, ఎలాగూ పడేదేనా? రసాయనం చల్లిన మబ్బులను చల్లకుండా వదిలేసిన మబ్బులతో పోల్చి, ఆ లెక్కలను అందరి ముందూ పెడితే తప్ప తేలని సంగతి అది. పని చేయలేదని తేలినా నష్టమేమీ లేదు, తర్వాతివాడు ఆ డబ్బు మిగుల్చుకుంటాడు. కదిరి పరిశోధన కేంద్రం వేరుశనగ రకాలకు ఈ ఇబ్బంది లేదు. కదిరి-6 గానీ కదిరి లేపాక్షి గానీ నిలిచిందా లేదా అన్నది పక్క చేను గట్టు మీద నిలబడి ఏ రైతైనా చూసుకోగలడు.

దానానికి ఆరు అంగాలు ఉండాలని దేవల మహర్షి మాటగా ధర్మశాస్త్ర సంకలనాలు చెబుతాయి. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, శ్రద్ధ, ధర్మబద్ధమైన వస్తువు, దేశం, కాలం. నేటి గ్రాంటు రిజిస్టరులో ఉండాల్సిన గళ్లు ఇంచుమించు ఇవే. ఏ శాఖ, ఏ సంస్థ, ఏ ఉద్దేశం, ఎంత సొమ్ము, ఎక్కడ, ఎప్పుడు. శాస్త్రంలో లేని ఏడో గడి ఒకటి చేర్చాలి. ఫలితం. ధర్మశాస్త్రంలో ఇచ్చినవాడి పుణ్యం ఇచ్చిన క్షణంలోనే పూర్తవుతుంది. ప్రజాధనానికి అది కుదరదు.

ఈ గళ్లు నింపే అవకాశం ఇప్పుడు మళ్లీ వచ్చింది. స్టార్టప్‌ల ఆలోచనను రుజువు చేసుకునే దశకు ఇంక్యుబేటర్ల ద్వారా 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చేందుకు 2021లో కేంద్రం 945 కోట్లతో సీడ్ ఫండ్ పథకం తెచ్చింది. రాష్ట్రం ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రాంతీయ కేంద్రాల్లో అనంతపురం కూడా ఉంది. అక్కడ డ్రిప్పు, చిరుధాన్యాలు, సౌరశక్తి మీద పనిచేసే కుర్రాళ్లకు సర్కారు సొమ్ము అందితే సంతోషమే. ఆ జాబితా తెలుగులో, మండల కార్యాలయం గోడ మీద, కరువు పని కూలీల పేర్ల పక్కనే ఉండాలి. రెండేళ్లకోసారి ప్రజావేదికలో దాన్నీ చదవాలి.