ఎఫ్‌సీ ఉంది, మరి సాక్ష్యం?

మన కుటుంబాల్లో చాలామందికి పాత వ్యానే జీవనాధారం. మండీ నుంచి పండ్లు తెచ్చేది అదే. వలీమాలకు దేగలు మోసేది అదే. ఉదయాన్నే పిల్లల్ని బడికి, సాయంత్రం మదరసాకు చేర్చేదీ అదే. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి పాత బండ్లు చేతులు మారుతూ ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ క్రయవిక్రయాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: “బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేశాడు, ఎఫ్‌సీ చేతిలో ఉంది, ఇంకేం కావాలి?”

ఈ మాట వెనుక ఒక ధార్మిక ప్రశ్న ఉంది. ప్రభుత్వ అధికారి పరీక్షించి రోడ్డు మీద తిరగడానికి యోగ్యమని రాసిచ్చిన వాహనంలో ఒక లోపం ఉందని అమ్మేవానికి తెలుసు. కొనేవానికి తెలియదు. అమ్మేవాడు అబద్ధమేమీ చెప్పలేదు, మౌనంగా ఉన్నాడంతే. ఆ మౌనం ధర్మసమ్మతమేనా?

అమ్మేవాని వాదనను ముందుగా న్యాయంగా విందాం. “పరీక్షించిన వ్యక్తి నిపుణుడు, నేను కాదు. ఆయనకు కనిపించని లోపాన్ని నేనెందుకు చెప్పాలి? కొనేవాడు తన మెకానిక్‌ను తెచ్చుకోవచ్చు కదా! నిజం చెబితే పది, పదిహేను వేలు తగ్గిస్తాడు. నా ఇంట్లోనూ అవసరాలున్నాయి.” ఈ వాదన పైకి బలంగానే కనిపిస్తుంది. అందుకే ఆ కాగితం అసలు దేనికి హామీ ఇస్తుందో పరిశీలించాలి.

కాగితం చెప్పేది ఎంత?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం అద్దెకు, సరుకు రవాణాకు తిరిగే వాహనాలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. 2018లో చేసిన సవరణ ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, అది దాటిన బండికి ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. సొంతానికి వాడుకునే బండి అయితే 15 ఏళ్ళు నిండాక పరీక్షకు వెళ్ళాలి. బ్రేకులు, స్టీరింగు, లైట్లు, హారన్, వైపర్లు, టైర్లు, పొగ వంటివి చూస్తారు. యంత్రాలతో పరీక్షించే కేంద్రాల కోసం 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. రోలర్ల మీద చక్రాలు తిప్పి, ఒక్కో చక్రం బ్రేకు ఎంత పట్టుతో ఆగుతుందో యంత్రం కొలుస్తుంది. మనిషి కంటికీ మొహమాటానికీ ఉండే బలహీనతలు దీనివల్ల తగ్గుతాయి. అయినా యంత్రం సైతం ఆ రోజు తన ముందుకు వచ్చిన బండినే చూస్తుంది.

బ్రిటన్‌లో 1960 నుంచి ఇటువంటి తనిఖీ అమలులో ఉంది. అక్కడ కూడా బండి భాగాలు విప్పి చూడరు. ఇంజిన్, క్లచ్, గేరుబాక్సుల స్థితి ఆ పరీక్షలోకే రాదు. పరీక్ష జరిగిన సమయానికి బండి కనీస ప్రమాణాలను అందుకున్నదని మాత్రమే అక్కడి సర్టిఫికెట్ అర్థం.

కాబట్టి ఏ తనిఖీకైనా మూడు హద్దులున్నాయి. అది ఆ ఒక్క రోజు మాట. చూసిన భాగాల గురించిన మాట. కనీస స్థాయి గురించిన మాట.

పాత వ్యాన్లు ఎక్కడ దెబ్బతింటాయి?

పరీక్షలో దొరికిపోయే లోపాలు కొన్ని ఉంటాయి. వెలగని బల్బులు, పక్కకు కొట్టే హెడ్‌లైట్లు, నున్నగా అరిగిన టైర్లు (గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు), పట్టు లేని హ్యాండ్‌బ్రేకు, ఒకవైపుకు లాగే బ్రేకులు, వదులైన బాల్ జాయింట్లు, టై రాడ్లు, చిల్లుపడ్డ సైలెన్సర్, నల్లటి పొగ ఇటువంటివే. ఇవి కూడా ఎల్లప్పుడూ దొరకవు. పరీక్ష రోజున మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, మర్నాడు విప్పేసేవారున్నారు.

మరికొన్ని లోపాలు యజమానికి తప్ప ఎవరికీ తెలియవు. కాళ్ళకింది మ్యాట్ ఎత్తితే కనిపించే తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు పూసి ఉండవచ్చు. చక్రం దగ్గరి సిలిండర్ రబ్బరు కారుతుంటే వారానికోసారి బ్రేక్ ఆయిల్ పోయాల్సి వస్తుంది. పరీక్షకు వెళ్ళే ఉదయం డబ్బా నిండుగానే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు వేడికి మరిగి, పెడల్ మెత్తబడిపోతుంది. చదునైన నేల మీద రెండు నిమిషాల పరీక్షలో ఇది బయటపడదు. సీఎన్‌జీ సిలిండర్‌ను మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి. చేయించారో లేదో యజమానికి తెలుసు.

ఇక్కడే అసలు విషయం బోధపడుతుంది. అధికారి ఇచ్చేది కొద్ది నిమిషాల సాక్ష్యం. యజమాని దగ్గరున్నది ఏళ్ళ తరబడి సాక్ష్యం. ఇవి రెండూ వేర్వేరు. ఒకరి సాక్ష్యం ఉన్నంత మాత్రాన మరొకరి సాక్ష్యాన్ని దాచిపెట్టడం న్యాయం కాజాలదు.

తీర్పు వేరు, యదార్థం వేరు

దైవప్రవక్త (స) ఒక సందర్భంలో తన తీర్పు గురించే చేసిన హెచ్చరిక సుప్రసిద్ధం. తానూ మానవుణ్ణేనని, వాదనలో నేర్పరి అయినవాని మాట విని అతనికి అనుకూలంగా తీర్పు చెప్పవచ్చని, అలా సోదరుని హక్కు ఎవరికైనా దక్కితే అది అగ్నిఖండమేనని ఆయన తెలియజేశారు. స్వయంగా ప్రవక్త (స) తీర్పే అన్యాయపు సొమ్మును హలాల్ చేయనప్పుడు, తనిఖీ కేంద్రం ముద్ర ఎలా చేయగలదు?

ధాన్యపు కుప్ప సంఘటన కూడా మనకు తెలిసిందే. ఆయన (స) కుప్పలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. తడవడం అతని తప్పు కాదు. ఆ తడిని అడుగున ఉంచడమే తప్పయింది. జనం చూసేలా దాన్ని పైన ఉంచాల్సిందని ప్రవక్త (స) మందలించారు. బండికి తుప్పు పట్టడమూ పాపం కాదు. దాని మీద మ్యాట్ పరచి ఊరుకోవడమే పాపం.

“ఉన్నది ఉన్నట్టుగా కొనుక్కో, తర్వాత నాకు సంబంధం లేదు” అనే షరతు సంగతేమిటి? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) లోపాల బాధ్యత లేదన్న షరతుతో ఒక బానిసను 800 దిర్హములకు విక్రయించారు. కొన్న వ్యక్తి ఒక జబ్బు గురించి ఫిర్యాదు చేశాడు. అమ్మిన నాటికి ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయమని హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆదేశించారు. ఇబ్ను ఉమర్ (రజి) ప్రమాణానికి ఇష్టపడక బానిసను వెనక్కి తీసుకున్నారు. ఇటువంటి షరతు ఎంతవరకు చెల్లుతుందన్న విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. కానీ హజ్రత్ ఉస్మాన్ (రజి) వేసిన ప్రశ్న ప్రతి అమ్మకందారూ తనకు తాను వేసుకోదగ్గది: “నాకు తెలియదు” అని అల్లాహ్ సాక్షిగా చెప్పగలనా?

తెలియని లోపానికి మనిషి పాపి కాడు. అయితే మెకానిక్ “అన్నా, ఇది ఒకసారి విప్పి చూద్దాం” అన్నప్పుడు “ఇప్పుడొద్దులే, అమ్మేస్తున్నా” అనడం తెలియకపోవడం కాదు. తెలుసుకోవడానికి భయపడటం.

బేరంలో లేనివారి మాటేమిటి?

బట్టలో చిరుగు ఉంటే కొన్నవానికే నష్టం. అయినప్పటికీ లోపం చెప్పకుండా తన భాగస్వామి అమ్మేసిన బట్టల సొమ్మును ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. వ్యాన్ విషయంలో నష్టపోయేవారు ఇంకా ఎక్కువ. వెనుక సీట్లో కూర్చున్న పిల్లలు, రోడ్డు దాటుతున్న వృద్ధుడు ఆ బేరంలో లేరు. ధర తగ్గింపు వారికి అందలేదు.

అందువల్ల లోపాలను రెండు రకాలుగా చూడాలని మేము భావిస్తున్నాము. తలుపు తుప్పు, పాత రంగు, చప్పుడు చేసే గేరు వంటివి చెప్పి, ధర తగ్గించి అమ్మితే సరిపోతుంది. కొనేవాడు తెలిసి ఒప్పుకున్నాడు. బ్రేకు, స్టీరింగు, టైరు, గ్యాసు లోపాల్లో కొనేవాని ఒప్పుకోలు ఒక్కటే చాలదు. తోటివారి ప్రాణాల మీద ఒప్పుకునే హక్కు అతనికి లేదు. వాటిని బాగుచేయించి అమ్మాలి, లేదా బాగుచేయించేదాకా రోడ్డెక్కకుండా చూడాలి.

కొనేవారికీ బాధ్యత ఉంది. కాగితం చూసి సంతృప్తి చెందకుండా మ్యాట్ ఎత్తి చూడండి. బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టండి. మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. మీ పిల్లలు వెళ్ళే వ్యాన్ డ్రైవర్‌ను ఎఫ్‌సీ గడువుతోపాటు, బ్రేకులు చివరిసారి ఎప్పుడు చూపించావని కూడా అడగండి.

నిజం చెబితే పదిహేను వేలు తగ్గవచ్చు. పేదింటికి అది చిన్న మొత్తం కాదు. కానీ నిజం చెప్పి, లోపం వివరించినవారి వ్యాపారంలో శుభం ఉంటుందని, దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని ప్రవక్త (స) తెలియజేశారు. ఎఫ్‌సీకి గడువు తేదీ ఉంటుంది. మనం ఇవ్వాల్సిన సాక్ష్యానికి గడువు లేదు, ప్రళయదినాన దాన్ని మళ్ళీ అడుగుతారు. తెలిసిన నిజాన్ని దాచకుండా చెప్పే ధైర్యాన్ని, హలాల్ సంపాదనలో తృప్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.