‘మీరేమవుతారు?’

కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. అక్కడే సర్కారు మానసిక వైద్యశాల. మెట్రో పిల్లర్ల పక్కన తనలో తాను మాట్లాడుకుంటూ పడుకునే మనిషికీ, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అక్కడ వైద్యం ఉచితం. తెల్లకార్డు లేకపోయినా సరే.

సరే, వైద్యం అందిందనుకుందాం. అది బాగుందో లేదో ఎవరు చెప్పాలి? మామూలు పేషెంటుకి డాక్టర్‌తో గొడవపడే అక్కో అన్నో ఉంటారు. మన ఆసుపత్రుల్లో అసలు క్వాలిటీ కంట్రోల్ వాళ్లే. ఎవరూ లేనివాళ్లకు ప్రతినిధిగా సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్‌నో, ఆయన పంపే మనిషినో రివ్యూ బోర్డు పెట్టాలంటుంది చట్టం. అంటే ఆసుపత్రీ ప్రభుత్వానిదే, నిలదీయాల్సిన చుట్టమూ ప్రభుత్వమే! రిజిస్టర్‌లో ‘డిశ్చార్జ్’ అని పడ్డాక ఆ మనిషి మళ్లీ అదే పిల్లర్ దగ్గర తేలితే అడిగేదెవరు?

పోనీ, సొంతవాళ్లుంటే చాలా? 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పోయారు. అలాంటి చోట్ల మనుషుల్ని వదిలి వెళ్లేది ఎక్కువగా ఇంటివాళ్లే. కాబట్టి నెత్తురు సంబంధం కాదు, మళ్లీ మళ్లీ వచ్చి అడిగే మనిషి కావాలి. స్టేషన్ కింద రోజూ అతన్ని చూసే టీ కొట్టాయన వెళ్లి అడిగాడనుకోండి. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న: “మీరేమవుతారు అతనికి?”