ఉమ్మడి పాట ఎవరిది?



మన గొల్లపల్లి, జగిత్యాల వైపు పెళ్ళి బరాతులో బ్యాండువాళ్ళు పాత సినిమా పాటలు అందుకుంటే, రాజ్-కోటి పాట ఒక్కటైనా దొర్లుతుంది. ఆ రెండు పేర్ల నడుమ ఉన్న చిన్న గీతను గురించి మీరెప్పుడైనా ఆలోచించారా?

రాజ్ గారు టి.వి. రాజు గారి కుమారుడు. కోటి గారు సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. ఇద్దరూ చక్రవర్తి గారి వద్ద పని నేర్చుకుని, 1983లో ‘ప్రళయ గర్జన’తో జంటగా సంగీత దర్శకులయ్యారు. ‘యముడికి మొగుడు’ (1988), ‘ముఠామేస్త్రి’ (1993), ‘హలో బ్రదర్’ (1994) వీరివే. తరువాత లోకమంతా ఎరిగిన ఎ.ఆర్. రెహమాన్ కూడా ఒకప్పుడు వీరి దగ్గర కీబోర్డు వాయించినవారే. అంతటి పేరుండగానే, తొంభైల నడుమ, ఇద్దరూ విడిపోయారు. రాజ్ గారు 2023 మే నెలలో కన్నుమూశారు.

తప్పెవరిదని అడగడం మనకు సరదా. అది మనకెందుకు? విడిపోవడమే ఒక తప్పా అన్నది అడగవలసిన ప్రశ్న.

వీరు పదేళ్ళకు పైగా కలిసి నడిచారు. ఇంగ్లండులో క్రీమ్ అనే రాక్ బృందం రెండేళ్ళు దాటి కొద్ది నెలలే నిలిచింది. డ్రమ్ములు వాయించే జింజర్ బేకర్‌కూ, బేస్ గిటారు వాయించే జాక్ బ్రూస్‌కూ అంతకుముందే మరో బృందంలో పడేది కాదు. అయినా గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, బ్రూస్ ఉంటేనే తాను వస్తానన్నాడు. బేకర్ సరేనన్నాడు. 1966లో మొదలుపెట్టి లోకాన్ని ఊపారు. కాని వేదిక మీద ఎవరి శబ్దం వారు పెంచుకుంటూ పోయారు. ఒక కచేరీలో తాను వాయించడం ఆపేస్తే మిగతా ఇద్దరూ గమనించనేలేదని క్లాప్టన్ తరువాత చెప్పుకున్నాడు. 1968 నవంబరు 26న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచేరీ చేసి ఎవరి దారిన వారు వెళ్ళారు.

నన్నడిగితే, వాళ్ళు విడిపోయింది ఆ నవంబరులో కాదు. ఒకడు ఆగిపోయినా పక్కవాడికి వినపడని ఆ రోజునే. ఆ తరువాత కలిసి వాయించడం కంటే, నలుగురి ఎదుట చెప్పి సెలవు తీసుకోవడమే నిజాయితీ. (వివాహబంధం సంగతి వేరు. అక్కడ మాట ఇచ్చింది దేవుని సముఖంలో.)

పునీత పౌలుగారూ, బర్నబాగారూ విడిపోలేదా? మార్కును వెంట తీసుకువెళ్ళాలా వద్దా అని తీవ్రంగా వాదులాడుకున్నారు. బర్నబా మార్కుతో సైప్రసుకు ఓడ ఎక్కాడు, పౌలు సిలాసుతో సిరియా దారి పట్టాడు. అపోస్తలుల కార్యములు 15వ అధ్యాయం దీన్ని దాచలేదు. కాని అంతియొకయలో కలిసి చేసిన పని నాది, నీది కాదు అని ఇద్దరిలో ఎవరూ అన్నట్లు ఎక్కడా లేదు. చెరలో ఉన్న పౌలు, మార్కును వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాయడం కూడా మనం చదువుతాం.

సిరిసిల్లలో అన్నదమ్ములు వేరుపడితే సాంచెలను లెక్కపెట్టి పంచుకోవచ్చు. ఎకరాలను కొలుచుకోవచ్చు. పాటను ఎలా పంచుతారు? పల్లవి నీకు, చరణం నాకు అనలేము కదా! అందుకే ‘ఆ బాణీ అసలు నాదే’ అన్న మాట ఆస్తి తగాదా కంటే చెడ్డది. అది పక్కవాడు బతికిన పదేళ్ళను చెరిపేస్తుంది.

క్రీమ్ ముగ్గురూ 2005 మే నెలలో అదే హాలులో నాలుగు రాత్రులు మళ్ళీ కలిసి వాయించారు. బ్రూస్‌కు అప్పటికే కాలేయ మార్పిడి జరిగింది. ఆయన 2014లో, బేకర్ 2019లో వెళ్ళిపోయారు.

మీ విచారణలోనూ గాయక బృందం రెండుగా చీలి ఉండవచ్చు. హార్మోనియం, తబలా గుడివి, వాటికి తగాదా లేదు. కలిసి కట్టిన క్రిస్మసు పాటను ఈ ఏడు అవతలి వర్గంవారు ఎత్తుకుంటే, మీరు గొంతు కలుపుతారా?